ఎనిమిదోసారికి ఆపేస్తాను

ఈస్ట్ హార్లో, వెర్మాంట్
1984 జనవరి 15

చెల్లీ రోడా,

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం, నా మోకాళ్లూ మా ఆయన హొరేస్ ట్రాక్టరూ తప్ప. రెండూ చలికి మొరాయిస్తున్నాయి. ఫోన్ చేస్తే నువ్వు ‘అక్కడ మంచు ఎంత పడింది’ అని అడిగి పెట్టేస్తావు కనుక ఉత్తరం రాస్తున్నాను.

మార్చి 31, శనివారం. మన టౌన్ హాల్లో పిల్లాపెద్దా అందరికీ ఆటపాటల సాయంత్రం. అయిదింటికి భోజనాలు, ఆరున్నరకు జంటలు వరస కట్టి ఆడే మన కాంట్రా డాన్స్, తొమ్మిదికల్లా పిల్లలు పక్కల్లో ఉండాలి. భోజనాలంటే ఎవరింటి వంట వాళ్లు తెచ్చి అందరితో పంచుకోవడమే. ఎప్పటిలాగే ఏడుగురు బీన్స్ తెస్తారు, ఒక్కరూ రొట్టె తేరు. మా ఆయన మేపుల్ చెట్ల రసం అప్పుడే కాచి పాకం పట్టుకొస్తాడు. బయటి మంచు పళ్లేల్లోకి ఎత్తి, దాని మీద వేడి పాకం పోసి, డోనట్లూ పుల్లటి దోసకాయ ఊరగాయా పక్కన పెట్టుకుంటే పిల్లలకు ఇంక డాన్స్ మీద ధ్యాస ఉండదు. అయినా లాక్కొస్తాను. అడుగులు చెప్పేది నేనే. ఇరవై ఏడేళ్లుగా ఆ మైకును నేను వదల్లేదు, అది నన్ను వదల్లేదు.

నువ్వు రావాలి. నాన్న ఫిడేలు పట్టుకుని రావాలి. ఇప్పుడు మాకు వాయించేవాళ్లు నది అవతలి కుర్రాళ్లు. చేయి బాగుంది కాని ప్రతి పాటనూ బస్సు తప్పిపోతుందన్నట్టు వాయిస్తారు. వాళ్లను చూసినప్పుడల్లా నా కాలు ఊరికే ఆడుతుంది, తాళానికి కాదు, చిరాకుకు.

ఓరిన్ అన్నయ్య కూడా వస్తాడు. దాచడం దేనికి? మనవరాలు నెల్‌తో ఆడడానికి వస్తాడు, అంతే. ఆ పాత సంగతి ఇక్కడ ఎవరికీ గుర్తు లేదు.

వస్తానని ఒక్క ముక్క రాయి.

నీ అక్క
లూసిండా


పికెట్ హార్బర్, మెయిన్
ఫిబ్రవరి 2

అక్కా,

ఎవరికీ గుర్తు లేదా? నాకు గుర్తుంది. అది చాలదా?

ఇక్కడ చేపల ఫ్యాక్టరీ ఏప్రిల్ దాకా మూసేశారు. సార్డీన్లు కోసే కత్తెర మేకుకు తగిలించి రెండు నెలలైంది. లాబ్‌స్టర్ బోనులకు వలలు అల్లుతూ కూర్చుంటున్నాను. ఒకటి అల్లడం, కిటికీ దాకా వెళ్లడం, సముద్రం అక్కడే ఉందని చూసుకోవడం, మళ్లీ వచ్చి ఇంకొకటి అల్లడం. నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి ఆ వలలు కూడా సరిగ్గా రావడం లేదు. నిన్న నాలుగు విప్పాను.

నీకు గుర్తు లేకపోతే నేను గుర్తు చేస్తాను. 1974 నవంబరు. నాన్న పోయిన రెండో నెల. ఆయన పేరు మీద పెట్టిన డాన్స్. నేను ఫిడేలు, అన్నయ్య పియానో, నువ్వు మైకు దగ్గర. చివరి ఆటకు నాన్న పాటే ఎత్తుకున్నాం. హాలంతా కదులుతోంది. నేను కళ్లు మూసుకున్నాను, నాన్న కూడా ఆ పాటకు కళ్లు మూసుకునేవాడు. అంతలో పియానో ఆగింది.

నేనేం అనుకున్నానో తెలుసా? ఫిడేలు ఒంటరిగా ఎగరాలని పియానో వాళ్లు అప్పుడప్పుడు కావాలని ఆగుతారు కదా, మళ్లీ సరిగ్గా పట్టు దగ్గర వచ్చి అందుకుంటారు. నా జన్మలో అన్నయ్య నాకు అలా ఎప్పుడూ చోటివ్వలేదు. ఇవాళ ఇచ్చాడనుకున్నాను. నాన్న పోయాక నన్ను తోడబుట్టినదానిగా చూశాడని మురిసిపోయాను. మురిసిపోతూ ఇంకా గట్టిగా వాయించాను. కళ్లు తెరిచేసరికి హాలు నిలబడిపోయి ఉంది. సగం మంది అటు, సగం మంది ఇటు, ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వుతున్నారు. అన్నయ్య నీ చేతిలోంచి మైకు తీసుకుని ఏమన్నాడు?

“మా నాన్న మా చెల్లెలికి మొదలుపెట్టడమే నేర్పాడండీ. ఆపడం నేర్పలేదు.”

అన్నీ గుర్తున్నాయి, వరసగా. ఆ నవ్వుల్లో ఎవరిది సన్నగా ఉందో, ఎవరిది లావుగా ఉందో కూడా చెప్పగలను. ఫిడేలు పెట్టెలో పెట్టి, కోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా బయటికి నడిచాను. తొమ్మిదేళ్లలో అన్నయ్య ఒక్క అక్షరం రాయలేదు. నేనూ రాయలేదు.

నది అవతలి కుర్రాళ్లతోనే కానివ్వండి. బస్సు అందుకుంటారులే.

రోడా


ఈస్ట్ హార్లో
ఫిబ్రవరి 13

రోడా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి, పొయ్యి మీద పాలు రెండుసార్లు పొంగబెట్టుకున్నాను.

సరే, వాయించవద్దు. ఊరికే రా. మన హాలు చూడు, ఆడు, తిను, వెళ్లు. నువ్వు వెళ్లిపోయిన రోజు నుంచీ అన్నయ్య హాల్లో కాని ఇంట్లో కాని పియానో మూత ఎత్తలేదని నీకు ఎవరైనా చెప్పారా? ఎవరడిగినా “వేళ్లు బిగుసుకుపోయాయి” అంటాడు. అవే వేళ్లతో గడియారాలు బాగుచేస్తాడు. మా ఇంటి గోడ పక్కనే ఆయన గోడ. తొమ్మిదేళ్లుగా ఆ గోడ అవతల ఒక్క స్వరం వినపడలేదు. ఒక్కోసారి గిన్నె తోముతూ తోముతూ చెయ్యి ఆపి వింటాను. ఏమీ ఉండదు.

ఆయనతో చేతులు కలపాల్సి వస్తుందనే కదా నీ భయం. దానికి నా దగ్గర ఉపాయం ఉంది. ఇన్నేళ్లుగా గడప తొక్కనిదానివి, మరిచిపోయి ఉంటావు, విను. పొడుగు వరసలో జంటలన్నీ ఒకటో జంట, రెండో జంట, ఒకటో జంట, రెండో జంట అని నిలబడతాయా? పాట ఒకసారి పూర్తయ్యేసరికి ఒకటో జంటలన్నీ ఒక మెట్టు కిందికి, రెండో జంటలన్నీ ఒక మెట్టు పైకి జరుగుతాయి. ఒకటో జంటకు ఎదురయ్యేది ఎప్పుడూ రెండో జంటే. కిందికి పోయేవాళ్లు ఇద్దరు ఒకరికొకరు ఎదురుపడరు. వరస చివరికి చేరినవాళ్లు ఒకసారి ఊరికే నిలబడి, వెనక్కి తిరిగి రెండో జంటగా పైకి వచ్చినప్పుడే చిక్కు.

కాబట్టి నువ్వూ ఒకటో జంటవే, అన్నయ్యా ఒకటో జంటే అయ్యేలా నేను చూసుకుంటాను. నువ్వు వరస మొదట్లో నిలబడు. ఆయన నెల్‌తో నడి వరసలో ఉంటాడు. ఆయన చివరికి వెళ్లి తిరిగేలోపు ఆట ముగించేస్తాను. ఎనిమిదోసారికి ఆపేస్తాను. పిల్లలు అలిసిపోయారంటాను. ఎవరికీ అనుమానం రాదు.

నీకు జోడీ కూడా చూసిపెట్టాను. మన మిస్ టటిల్. ఎనభై ఒకటో ఏడు. మనకు ఎక్కాలు నేర్పినప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది, పరుగు బూట్లు మాత్రం కొత్తవి. ఎప్పుడూ మగవాళ్ల వైపే నిలబడి ఆడుతుంది. “ఆ వైపైతే నేను తిప్పొచ్చు, నన్నెవడూ తిప్పక్కర్లేదు” అంటుంది.

రా రోడా. నాకు ఈ చలికాలం ఏ పనీ కుదురుగా సాగడం లేదు.

లూసిండా


పికెట్ హార్బర్
మార్చి 9

అక్కా,

వస్తున్నాను. ఎందుకు వస్తున్నానో నాకే తెలియదు, నువ్వు అడగకు.

ఫిడేలు తీసుకురాను. మీ ఇంట్లో దిగను, ఆ గోడ పక్కన నాకు నిద్ర పట్టదు. మిస్ టటిల్‌కు రాశాను. ఆవిడ ఒక కార్డు పంపింది: “గది ఉంది. కాళ్లు తుడుచుకుని రా.” అంతే. ఆదివారం పొద్దున మొదటి బస్సుకు వెళ్లిపోతాను. ఎనిమిది అంటే ఎనిమిదే, తొమ్మిది కాకూడదు. నేను లెక్కపెట్టుకుంటాను.

ఒక మాట అడగాలని కాగితం ముందు పెట్టుకుని అరగంటైంది. వేదిక మీద ఆ సాయంత్రం ముగ్గురమే ఉన్నాం. నేను కళ్లు మూసుకున్నాను. అన్నయ్య ఆపాడు. నువ్వు మా ఇద్దరికీ నడుమ నిలబడ్డావు. ఇన్నేళ్లలో ‘అన్నయ్య అలా చేయకుండా ఉండాల్సింది’ అని నువ్వు ఒక్కసారి కూడా అనలేదు. ‘నీదే తప్పు’ అని కూడా అనలేదు. వాతావరణం గురించి మాట్లాడి ఫోన్ పెట్టేసేది నేనొక్కదాన్నేనా? నువ్వేం చూశావు?

రాత్రీపగలూ ఇదే తిరుగుతోంది బుర్రలో. నిన్న వంటింట్లో ఫిడేలు తీసి శ్రుతి చేశాను, ఊరికే. మళ్లీ పెట్టెలో పెట్టేశాను.

రోడా


ఈస్ట్ హార్లో
మార్చి 27, మంగళవారం

రోడా,

నువ్వు అడిగిన రెండు వారాల తర్వాత జవాబు రాస్తున్నాను. రోజూ రాస్తున్నాను, రోజూ పొయ్యిలో పడేస్తున్నాను. ఇవాళ చించకుండా పోస్ట్ చేస్తాను. రోడ్లన్నీ బురదైపోయాయి, టపా బండి నిన్న వాగు దగ్గర కూరుకుపోయింది. అయినా శుక్రవారం లోపు నీకు అందాలి. నువ్వు ఇది చదివే బయలుదేరాలి.

ఆట ముగిసేముందు అడుగులు చెప్పేవాళ్లు వాయించేవాళ్లకు వేళ్లు చూపిస్తారని నీకు చెప్పనక్కర్లేదు. రెండు వేళ్లంటే ఇంకో రెండుసార్లు. ఒక్క వేలంటే ఇంకొక్కసారి, అదే ఆఖరు. ఆ సాయంత్రం నేను ఒక వేలు ఎత్తాను. అన్నయ్య చూశాడు. ఆ ఒక్కసారీ పూర్తికాగానే పియానో మీంచి చేతులు తీసేశాడు. నీ కళ్లు మూసి ఉన్నాయి, నువ్వు చూడలేదు. ఆయన తన పని తాను చేశాడు. నువ్వు నీ పని చేశావు. నువ్వు తన ఎదుట గొప్ప చూపించుకోవడానికే ఆగలేదని ఆయన అనుకున్నాడు. ఇప్పటికీ అదే అనుకుంటున్నాడు.

పొరపాటున ఎత్తాను. లెక్క తప్పింది. ఇంకా నాలుగైదుసార్లు సాగాల్సిన ఆట అది. ఆడేవాళ్లకు కూడా చెప్పలేదు, అందుకే అలా గుద్దుకున్నారు. అప్పుడే చెప్పేస్తే పోయేది. ఆయన మైకు లాక్కున్నాడు, నువ్వు వెళ్లిపోయావు. మర్నాడు చెబుదామనుకున్నాను. ఆ మర్నాడు తొమ్మిదేళ్లు సాగింది.

ఇక్కడ సంతకం చేసి కవరు అంటించాను. మళ్లీ చించి తీశాను.

పొరపాటు కాదు రోడా.

నాకు పదేళ్లప్పుడు ఒక చలికాలమంతా ఆ ఫిడేలు నా చేతిలో ఉంది. గుర్తుందా, నీకు నాలుగేళ్లు, గుర్తుండదు. తర్వాత రెండేళ్లకు నాన్న దాన్ని నీ చేతికిచ్చి “లూసిండాకు గొంతుందిలే” అన్నాడు. సరే, గొంతుతోనే బతికాను. ఆ సాయంత్రం నాన్న పాట నడుస్తుంటే ఎవరికీ నా పిలుపు అక్కర్లేకపోయింది. అందరికీ అడుగులు వచ్చేశాయి, నేను నోరు మూసుకుని నిలబడ్డాను. అందరి కళ్లూ నీ మీదే. నా వెనక ఎవరో “కళ్లు మూస్తే వాళ్ల నాన్నేరా!” అన్నారు. నాకు కడుపు మండింది. ఇంక చాలు అనిపించింది. నా చేతిలో ఉన్నది ఆ ఒక్క వేలే. ఎత్తాను.

ఇది చదివాక నువ్వు రాకపోతే నాకు అర్థమవుతుంది. వస్తే, చదివి కూడా వచ్చావనుకుంటాను.

లూసిండా


ఈస్ట్ హార్లో
ఏప్రిల్ 1, ఆదివారం

రోడా,

పొద్దున్నే మిస్ టటిల్ ఇంటికి పరిగెత్తాను, బురదలో ఒక బూటు పోగొట్టుకుని మరీ. ఆవిడ తలుపు తీసి, “ఏడున్నర బస్సుకెళ్లిపోయింది. నువ్వు ఎప్పుడూ ఆలస్యమేగా, చిన్నప్పట్నుంచీ” అంది. ఒంటికాలి మీద ఇంటికి వచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. హొరేస్ కాఫీ తెచ్చి పెట్టాడు, అది చల్లారిపోయింది.

నిన్న నువ్వు హాల్లోకి వచ్చి, కోటు తగిలించి, నన్ను గట్టిగా వాటేసుకున్నావు. నా ఉత్తరం చదివి కూడా వాటేసుకుందే అనుకున్నాను. తొమ్మిదేళ్ల తర్వాత నాకు ఆకలేసింది. మూడు డోనట్లు తిన్నాను.

నాలుగో ఆటకు నువ్వు వరస మొదట నిలబడ్డావు, అన్నయ్య ఏడో జంట. పద్నాలుగు జంటలు. అన్నీ అనుకున్నట్టే కుదిరాయి. నేను లెక్కపెడుతూనే ఉన్నాను. మూడు, నాలుగు, అయిదు. పిల్లలు తప్పు చేత్తో తప్పు మనిషిని పట్టుకుంటున్నారు, పెద్దవాళ్లు వాళ్లను భుజం పట్టి తిప్పి సరైన దారిలో పెడుతున్నారు. ఏడోసారికి నా పిలుపు ఎవరికీ అక్కర్లేకపోయింది. మైకు పక్కన పెట్టేశాను. మాటిచ్చినట్టు ఒక వేలు ఎత్తాల్సింది అప్పుడే. ఫిడేలు కుర్రాడు నా వైపు చూస్తున్నాడు.

వేలు లేవలేదు.

ఎనిమిదోసారి మొదలైంది. అన్నయ్య వరస చివర ఊరికే నిలబడి ఉన్నాడు. నెల్ చెయ్యి పట్టుకుని వరస పైకి చూస్తున్నాడు, నీ వైపు. ఆ ముఖం చూసి ఎలా ఆపను? నా వేలు ఒకసారి తొందరపడింది, చాలు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను. పదోసారి నువ్వు తలెత్తి నన్ను చూశావు. ఆ చూపు నాకు తగిలింది. చూడనట్టు పియానో మీద దుమ్ము తుడిచాను.

పదకొండోసారి ఆయన నీకు ఎదురొచ్చాడు. చేతులు చాచాడు. నువ్వు కూడా చాచావు, ఇంకేం చేస్తావు, వరసలో వచ్చినవాళ్లకు చెయ్యివ్వకపోవడం మన ఊళ్లో లేదు. గిరగిరా తిరిగారు. ఆయన పెదవులు కదిలాయి. నీవీ కదిలాయి. అంతలో వరస మిమ్మల్ని విడదీసి పట్టుకుపోయింది. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు, కాని సగంలో తెగిందని మాత్రం తెలిసింది. మళ్లీ కలవాలంటే ఇంకో పద్నాలుగుసార్లు సాగాలి.

ఫిడేలు కుర్రాడు చెమటతో తడిసి “అమ్మా, ఇంకెంతసేపు?” అన్నాడు. “నీకు బస్సుందా?” అన్నాను. పిల్లలు ఒక్కొక్కరే జారిపోయి గోడ పక్కన కూలబడుతుంటే, వాళ్ల జోడీ చెడకుండా వంటగదిలోంచి ఎవరో ఒకరు వచ్చి ఆ చోటు పూరించారు. ఏప్రన్‌తోనే వచ్చారు. ఇరవై అయిదోసారికి మీరిద్దరూ మళ్లీ ఎదురయ్యారు. ఆ తర్వాతే వేలు ఎత్తాను. నువ్వు నన్నే చూస్తున్నావు.

మరి ఎందుకు వెళ్లిపోయావు, ఒక్క మాటైనా చెప్పకుండా? చదివే వచ్చావు కదా. ఆయన ఏమన్నాడు? ఆయన్ను అడిగే ధైర్యం నాకు లేదు. గోడకు చెవి పెట్టి కూర్చున్నాను, నవ్వుకో. అటువైపు అడుగుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆయన కూడా కాలు నిలవక అటూ ఇటూ తిరుగుతున్నాడు.

లూసిండా


పికెట్ హార్బర్
ఏప్రిల్ 6

అక్కా,

నీ మార్చి 27 ఉత్తరం నాకు ఏప్రిల్ 2న అందింది. బురద ఆనవాళ్లు కవరు మీదే ఉన్నాయి. నేను వచ్చినప్పుడు ఏమీ చదవలేదు. ఏమీ తెలియకుండానే నిన్ను వాటేసుకున్నాను. ఆ మూడు డోనట్లూ నువ్వు అన్యాయంగా తిన్నావు.

ఇప్పుడు నీకు వినపడనిది చెబుతాను.

తొమ్మిదోసారి మొదలవగానే నిన్ను లోలోపల తిట్టడం మొదలుపెట్టాను. మిస్ టటిల్‌ను పట్టుకుని, “ఆపలేదేంటండీ మా అక్క?” అన్నాను. ఆవిడ నన్ను గిర్రున తిప్పుతూ, “నోరు మూసుకుని ఎడమ చెయ్యివ్వవే!” అంది. ఒక్కో మెట్టు దిగుతున్నాను, ఆయన ఒక్కో మెట్టు ఎక్కుతున్నాడు. మధ్యలో ఎవరెవరితో ఆడానో నాకు తెలియదు. ఒక చిన్నపిల్ల నా వేలు పట్టుకుని, “మీ చెయ్యి చల్లగా ఉందాంటీ” అంది.

ఎదురొచ్చాడు. జుట్టంతా తెల్లబడింది. తిరిగేటప్పుడు కళ్లలోకి చూడకపోతే తల తిరుగుతుందని నాన్న నేర్పాడు కదా, నేను ఆయన చొక్కా బొత్తాం చూశాను. తల తిరిగింది. చూడక తప్పలేదు.

“వేలు చూసి కూడా ఆ రోజెందుకు ఆగలేదే?” అన్నాడు. పలకరింపు లేదు, ఏమీ లేదు. తొమ్మిదేళ్లుగా నోట్లో పెట్టుకున్న మాట.

“ఏ వేలు?” అన్నాను.

అంతే, వరస వచ్చి పట్టుకుపోయింది.

అక్కా, ఆ తర్వాతి ఏడు నిమిషాలు నేను బతికిన అన్ని చలికాలాల కంటే పొడుగు. ఏ వేలు? ఎవరి వేలు? చివరికి వెళ్లాను, నిలబడ్డాను, తిరిగాను. పైకి వస్తుంటే వేదిక మీద నువ్వు జేబుల్లో చేతులు కుక్కుకుని కనిపించావు. ఇరవై ఏడేళ్లలో నిన్ను అలా ఎవరైనా చూశారా? అప్పుడే నాకు సగం తెలిసింది.

ఇరవై అయిదోసారి ఆయన రెండు చేతులూ ముందే చాచి ఉంచాడు.

“లూసిండా వేలు. ఒక్క వేలు ఎత్తింది. నువ్వు చూళ్లేదా?”

“కళ్లు మూసుకున్నాను అన్నయ్యా.”

ఆయన అడుగు తప్పాడు. పుట్టినప్పట్నుంచీ ఆయన అడుగు తప్పడం నేను చూడలేదు. నెల్ “తాతా, ఇటు!” అని అరిచింది. ఆయన మిస్ టటిల్ కొత్త బూటు తొక్కాడు, ఆవిడ ఏమందో ఇక్కడ రాయను. అప్పుడే నువ్వు వేలెత్తావు. ఇన్నేళ్ల నీ పిలుపుల్లో నేను ఆ వేలును సరిగ్గా చూసింది అదే మొదటిసారి.

కోట్ల దగ్గర ఆయన నా వెనకే వచ్చాడు. నా కోటు దించి పట్టుకుని, తొడగకుండా అలాగే నిలబడ్డాడు. “నేను నీకు చోటిచ్చాననుకున్నావా?” అన్నాడు. తలూపాను. “ఇవ్వాల్సింది,” అన్నాడు. ఆయన ముక్కు చీదుకుంటూ ఉంటే నేనే కోటు లాక్కుని వేసుకున్నాను. తర్వాత అన్నాడు: “ఆ వేలు తొందరగా లేచిందని నాకప్పుడే తెలుసు. నేను లెక్క తప్పను. లూసిండాకి కాళ్లనొప్పులేమో అనుకున్నాలే.”

కాళ్లనొప్పులు! ఆయన నిన్ను అనుమానించలేదు. ఇన్నేళ్లూ నన్ను అనుమానించాడు కాని నిన్ను కాదు. నువ్వు గోడ పక్కనే ఉండి ఆయన పియానో మూగబోవడం విన్నావు. నీకు చెప్పాలనిపించలేదు. అందుకే నీతో చెప్పకుండా వెళ్లిపోయాను. చెప్పడానికి నోరు తెరిస్తే పిల్లలున్న చోట అనకూడని మాటలు వచ్చేవి. ఇంటికి వచ్చి నీ ఉత్తరం చదివాను. పొరపాటని రాసిన చోట కాస్త జాలిపడ్డాను. కింద ‘కాదు’ అని చదివి, ఉత్తరం నేల మీద పడేసి, బయటికెళ్లి రేవు చివరిదాకా నడిచి వచ్చాను. మళ్లీ చదివాను. మళ్లీ నడిచాను. నాలుగు రోజులుగా ఇదే పని.

నాకు కోపం పోలేదు. క్షమించానని రాయమంటే రాయను. నువ్వు నా దగ్గర్నుంచి హాలు తీసేశావు, అన్నయ్యను తీసేశావు. ఆ ఫిడేలు నీ చేతిలోంచి తీసి నాకిచ్చింది నాన్న, నేను కాదు. ఆ చలికాలం సంగతి నాకు నిజంగా తెలియదు. తెలిస్తే ఏం చేసేదాన్నో అదీ తెలియదు. ఆ ఒక్క చోట మాత్రం నీ ఉత్తరం చదవలేక ఆగాను.

కాని నువ్వు శనివారం ఇరవై ఆరుసార్లు సాగించావు. మాట తప్పావు. నీ జన్మలో నువ్వు చేసిన మంచి పని అదే.

ఇప్పుడు విను, మూడు సంగతులు. పొరపాటు కాదన్న ముక్క అన్నయ్యకు నేను చెప్పను. గోడ పక్కనే ఉన్నాడు, లేచి వెళ్లి నువ్వే చెప్పు, ఈ ఉత్తరం మడిచే లోపే. ఆయన అరుస్తాడు. అరవనీ. తర్వాత హాల్లో పియానోకు శ్రుతి చేయించమను, తొమ్మిదేళ్ల చలికి దాని తీగలు ఏమయ్యాయో.

మూడోది, మే 5, మొదటి శనివారం, హాల్లో మళ్లీ డాన్స్ పెట్టు. ఫ్యాక్టరీలో ఆ రోజుకు సెలవు అడిగాను. నాన్న ఫిడేలుకు కొత్త తీగలు వేశాను. కోపంతోనే వస్తాను, కోపంతోనే వాయిస్తాను. అడుగులు నువ్వే చెప్పు, ఇంకెవరైనా మైకు ముట్టుకుంటే నేను ఒప్పుకోను. ఎప్పుడు ఆపాలో కూడా నువ్వే చూపించు.

ఈసారి కళ్లు తెరిచే ఉంటాను.

రోడా